మూడో వీధి పెరుగు

షాపు వెనక గది నుంచి
జనవరి 8

టెస్టరమ్మకు,

నేను బాగానే ఉన్నాను. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి పోదామా ఉందామా అని ఆలోచిస్తోంది. మావయ్య ఫోను చేయడేమని మీ ఆయన అడిగాడని రాశావు. నాతో ఫోనులో మాట్లాడటమూ గోడకి కథ చెప్పడమూ ఒకటేనని చెప్పు. ఇన్నేళ్ళు మిక్సీలు విప్పి, బిగించి, తిప్పి చూసి, ఆ మోతకి అరిగిపోయిన చెవులివి. ఉత్తరమైతే హాయి. నేను చెప్పదలచుకున్నదంతా అయ్యేదాకా నువ్వు అడ్డు రాలేవు.

నీ కిందటి ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. పెరుగు కోసం రోజూ పొద్దున మూడో వీధి దాకా నడుస్తున్నావా? మలుపులో దర్జీ కొట్టు ముందు కుక్క అడ్డంగా పడుకుంటుందని, దాన్ని దాటుకుని పోవాలని, డెయిరీ దగ్గర ఎప్పుడూ క్యూ ఉంటుందని, వంతు వచ్చేదాకా గోడవార సిమెంటు బల్ల మీద కూర్చోవాలని, ఎదురుగా సైకిలు షాపువాడు చక్రాలు గిర్రున తిప్పి చూస్తుంటాడని, కాగితానికి రెండు వైపులా అదే రాశావు. ఇంత చదువు చదివిన పిల్ల గిన్నె పట్టుకుని క్యూలో నిలబడటమేమిటని నా ప్రాణం ఉసూరుమంది. ఇంట్లో తోడుపెట్టుకోరా అంటే, ఎండ తగలని వంటగదిలో పాలు తోడుకోవని నువ్వే ఒకసారి రాశావు.

అందుకని ఒక పెట్టె పంపుతున్నాను. దాని పేరు పెరుగు మిషన్. పాతసామాన్ల బండివాడు నా గుమ్మంలో పడేసి పోయాడు. ఎవరో డబ్బున్నవాళ్ళు వాడి పారేసినది. లోపల ఆరు గాజు కప్పులు, ఒక్కటి కూడా పగల్లేదు. పాడైందల్లా థర్మోస్టాట్. అదంటే ఏమిటో నీకు చిన్నప్పుడు చెప్పాను, అయినా మళ్ళీ చెబుతాను, నన్నాపేవాళ్ళు లేరు కదా. రెండు వేరు వేరు లోహాల రేకుల్ని అతికించి ఒక పట్టీ చేస్తారు. వేడి తగిలితే ఒకటి ఎక్కువ సాగుతుంది, ఇంకోటి తక్కువ సాగుతుంది. విడిపోవడానికి వీల్లేదు కాబట్టి రెండూ కలిసి వంగుతాయి. వంగగానే కరెంటు ఆగుతుంది. చల్లబడితే మళ్ళీ నిటారుగా అవుతాయి. పెళ్ళి చేసుకోని నాకు దాంపత్యం గురించి తెలిసిందంతా ఈ పట్టీ దగ్గర నేర్చుకున్నదే. కొత్త పట్టీ వేశాను. ఇక అది గోరువెచ్చదనం తప్పదు.

షాపు సంగతులు ఏమున్నాయి? ఒకావిడ నెలనెలా ఒక ఇస్త్రీపెట్టె పట్టుకొస్తుంది. దానికి ఏ రోగమూ లేదు. విప్పి చూస్తాను, తుడుస్తాను, మళ్ళీ బిగిస్తాను. అంతసేపూ స్టూలు మీద కూర్చుంటుంది. "అమ్మా, ఇది బాగానే ఉంది" అంటే "ఇంట్లో వేడెక్కట్లేదు బాబూ" అంటుంది. మళ్ళీ నెలకి హాజరు. పక్క కొట్టు క్షవరం ఆయన ఆవిడకి ఇస్త్రీపెట్టె పిచ్చి అని పేరు పెట్టాడు. మనుషుల్లో ఎన్ని రకాలో చూడు.

సరే, పాలు కాచి, వేలు పెడితే వేలు ఊరుకునేంత వెచ్చగా అయ్యాక తోడు వేసి, కప్పుల్లో పోసి, మీట నొక్కు. ఇక నువ్వు గడప దాటే పని లేదు.

మీ అత్తగారికి, అల్లుడికి నా నమస్కారాలు, ఆశీస్సులు, ఎవరికేవి చెందుతాయో అవి పంచు.

మీ మావయ్య


జనవరి 20

మావయ్యా,

మిషన్ క్షేమంగా చేరింది. ఆరు కప్పుల్నీ నీ పాత బనీన్లలో చుట్టి పంపావు. విప్పుతుంటే ఇల్లంతా మన షాపు గ్రీజు వాసన. అందులో ఒక బనీను నేను దాచుకున్నాను, తుడుపు గుడ్డకి పనికొస్తుందని చెప్పి.

నీ ఉత్తరం వస్తే మా ఇంట్లో సినిమా వచ్చినట్టే. అత్తయ్యకి కళ్ళు ఆనవు కాబట్టి భోజనాలయ్యాక ఆయన గట్టిగా చదువుతారు. థర్మోస్టాట్ దగ్గర ఇద్దరూ ఎంత నవ్వారో. నేను రాసిందీ అంతే, అంటించే ముందు ఆయన చదివి వినిపిస్తారు, మావయ్యకి ఏం జవాబిచ్చానో వినాలని అత్తయ్యకి సరదా. ఆఫీసుకి వెళుతూ ఆయనే పోస్టు డబ్బాలో వేస్తారు. కాబట్టి నువ్వు రాసేదీ నేను రాసేదీ ముగ్గురం వింటామని గుర్తుంచుకో.

మొదటి రోజే పెరుగు గడ్డకట్టింది. కప్పు బోర్లించినా కదల్లేదు. ఆయన రెండు కప్పులు తిన్నారు. ఇకమీదట నేను బయటికి వెళ్ళే అవసరం లేదని అందరం సంతోషించాం. పాలవాడు పాలు గుమ్మంలోకే తెస్తాడు, కూరలు ఆయన తెస్తారు, మిగిలింది పెరుగొక్కటే ఉండేది. వీధిలోకి వేసుకెళ్ళే నా చెప్పులకి దుమ్ము పడుతుందని అత్తయ్య కాగితంలో చుట్టి అటక మీద పెట్టించారు. ఆవిడకి నా మీద ఎంత శ్రద్ధో.

దర్జీగారి కుక్క ఎలా ఉందో మరి. నేను చూసిన చివరి రోజు కొంచెం కుంటుతోంది.

ఇస్త్రీపెట్టె ఆవిడ సంగతి చదివి వీళ్ళు పడీ పడీ నవ్వారు. నాకో సందేహం. ఆవిడ నీ దగ్గర ఎంతసేపు కూర్చుంటుంది? స్టూలు ఎటు తిరిగి ఉంటుంది, నీ బల్ల వైపా, వీధి వైపా?

కింది ముక్కలు అత్తయ్య చెబుతుంటే రాస్తున్నాను: "అన్నయ్యగారూ, మీరు పంపింది మిషన్ కాదు, మా అమ్మాయికి విశ్రాంతి. పాపం రోజూ పొద్దున అంత దూరం పోయేది. వచ్చేదాకా నేనొక్కదాన్నీ కుర్చీలో కూర్చుని తలుపు వంక చూస్తుండేదాన్ని. మోకాళ్ళు పనిచేయని దాన్ని, ఏదైనా అయితే లేవలేను. ఇప్పుడు నాకు నిశ్చింత. మీకు పుణ్యముంటుంది."

నీ టెస్టరమ్మ


షాపు వెనక గది
జనవరి 29

టెస్టరమ్మా,

మీ అత్తగారి మాటలు క్షవరం ఆయనకి చదివి వినిపించాను. ఆయన ఆ సమయంలో ఒకరికి గడ్డం గీస్తున్నాడు కాబట్టి ఆ ఒకరు కూడా విన్నారు, కదలడానికి లేదు మరి. నేను బాగుచేసిన వస్తువుకి పుణ్యం రావడం ఇదే మొదలు. మామూలుగా బేరం వస్తుంది.

స్టూలు వీధి వైపే. గది ఇరుకు కదా, బల్ల వైపు తిప్పితే ఆవిడ మోకాళ్ళు నా సొరుగులకి తగులుతాయి. నేను పెట్టె విప్పుతుంటే ఆవిడ వచ్చేపోయేవాళ్ళని చూస్తూ కూర్చుంటుంది. ఎంతసేపంటావా, నేను బిగించి ఇచ్చేదాకా. ఇచ్చాక కూడా ఒక్కోసారి "చల్లారనీ బాబూ" అంటుంది, నేనసలు వేడే చేయని పెట్టెకి. నీకీ ప్రశ్నలెందుకు పుడతాయో. చిన్నప్పుడు కూడా అంతే. ఏ ప్లగ్గు కనబడినా వేలు పెట్టేదానివి, అందుకే గదా టెస్టరన్నాను.

పెరుగు మిషన్‌కి రెండు జాగ్రత్తలు. ఒకటి, అది ఉన్న చోటు నుంచి కదలకూడదు. తోడుకునే పాలు పసిపిల్లలాంటివి, కదిపితే చెడతాయి. కదలకుండా ఉంటేనే గట్టిపడేది. రెండు, గాలి తగలకూడదు.

ఇంకొకటి చెప్పాలనుకున్నాను, మరిచిపోయాను. గుర్తొస్తే మళ్ళీ ఉత్తరం, గుర్తు రాకపోయినా ఉత్తరమే.

మావయ్య


ఫిబ్రవరి 12

మావయ్యా,

ఎలా రాయాలో తెలియడం లేదు. పెరుగు కుదరడం లేదు. ఒక రోజు అసలు తోడుకోలేదు, పాలు పాలలాగే ఉన్నాయి. ఇంకో రోజు నోట పెట్టలేనంత పులుపు. తర్వాత చెంచా పెట్టి ఎత్తితే బంకలాగా సాగింది. నిన్నటిది నీళ్ళు వేరు, ముక్కలు వేరు. ఆరు కప్పులూ ఆరు మొహాలు.

మిషన్ పాతది కదా, నువ్వు చేయవలసింది చేశావు, ఇక చాలనుకుంటాను. మళ్ళీ డెయిరీ పెరుగే తెచ్చుకుందాం, నేను పొద్దున వెళ్ళొస్తానని అన్నాను. అటక మీంచి చెప్పులు దించడానికి స్టూలు కూడా వేసుకున్నాను. ఆయన వినలేదు. "నీకెందుకు శ్రమ, నేను ఉన్నాను కదా" అని రోజూ సాయంత్రం స్కూటరు మీద తెస్తున్నారు. ఆయన చాలా మంచివారు మావయ్యా. ఈ ఇంట్లో అందరూ చాలా మంచివారు. నన్ను ఒక్క పనికి కూడా బయటికి పోనివ్వరు.

కదలకుండా ఉంటేనే గట్టిపడుతుందని రాశావు కదా. నేనూ అదే చేస్తున్నాను.

ఇస్త్రీపెట్టె ఆవిడ ఈ నెల వచ్చిందా?

అత్తయ్య రాయమంటున్నారు: "అన్నయ్యగారూ, మిషన్‌ని ఏమీ అనుకోకండి. అది బంగారం లాంటిది. అమ్మాయి చెయ్యే కుదరడం లేదు. ధ్యాస ఉండటం లేదు. మీరొకసారి గట్టిగా రాయండి, మీ మాట వింటుంది."

టెస్టరమ్మ


షాపు వెనక గది
ఫిబ్రవరి 20

టెస్టరమ్మా,

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి షాపులో వేరే పని ముట్టుకోలేదు. ఇద్దరు మిక్సీల వాళ్ళు తిట్టుకుంటూ పోయారు. పోనీ.

అసలు ఒక ఫ్యాను కథ చెప్పాలి. ఒకాయన ఇంట్లో ఫ్యాను ఆయన ఉన్నంతసేపూ తిరిగేది, ఆయన బయటికి పోగానే ఆగిపోయేది. భార్య చెబితే నమ్మేవాడు కాదు. నేను వెళ్ళి చూస్తే సంగతేమిటంటే, ఆయన కూర్చునే కుర్చీ కాలు కింద వైరు నలిగి ఉంది. ఆయన బరువు పడితేనే రెండు తీగలూ అంటుకునేవి. ఇంతకీ నేను చెప్పొచ్చేది, రోగం ఎప్పుడూ వస్తువులో ఉండదు, చుట్టుపక్కల ఉంటుంది. కాబట్టి నేను మీ వంటగది గురించి ఆలోచించాను.

తోడుకోకపోవడం, పులవడం, సాగడం, విరగడం, ఇవన్నీ వేడి నిలకడగా లేకపోతే వచ్చేవి. మీకు ఎక్కడి నుంచో గాలి కొడుతోంది. కాబట్టి ఇలా చెయ్యి. వంటగది కిటికీ పూర్తిగా మూసెయ్యి. మిషన్ నడిచినంతసేపూ వీధి తలుపు ఊరికే తీయొద్దు. కరెంటు పోయి వస్తుంటుంది కదా, పోయినప్పుడల్లా మీట మళ్ళీ నొక్కాలి, కాబట్టి పక్కనే ఎవరైనా ఉండాలి. ఎవరో ఎందుకు, నువ్వే ఉండు. కొత్త థర్మోస్టాట్ ఒకటి, కప్పుల మీద కప్పడానికి నేను కుట్టిన దూది గుడ్డ ఒకటి పంపుతున్నాను. కుట్లు వంకరగా ఉంటాయి, దర్జీ పని నా వల్ల కాదు.

ఇంకా అనుమానం తీరకపోతే ఒక పరీక్ష చెయ్యి. పాలకి బదులు నీళ్ళు పోసి రోజంతా నడిపి, జ్వరం చూసే కడ్డీ పెట్టి చూడు. ఎక్కడ ఎంత ఉందో రాయి. అబద్ధాలాడని వస్తువు అదొక్కటే.

ఇస్త్రీపెట్టె ఆవిడ వచ్చింది. ఈసారి నెల కూడా నిండలేదు.

చెల్లెమ్మగారూ, మీరన్నట్టే గట్టిగా రాశాను. అమ్మాయి ఇక మిషన్ పక్క నుంచి కదలదు.

మావయ్య


మార్చి 4

మావయ్యా,

నువ్వు చెప్పినవన్నీ చేశాను.

కిటికీ మూశాను. కిటికీ అంటే ఏదో అనుకునేవు, దాంట్లోంచి కనబడేది ఎదురింటి గోడ. ఆ గోడ మీద ఒక నీటి మరక ఉంది. వాన పడిన మర్నాడు పెరుగుతుంది, ఎండకి తగ్గుతుంది. ఒకసారి మేకలా, ఒకసారి తొండం లేని ఏనుగులా ఉండేది. ఇప్పుడు ఏమైందో తెలియదు.

వీధి తలుపు తీయడం లేదు. పాలవాడు తలుపు కొడితే తీయాల్సి వస్తుందని, సంచి గొళ్ళానికి తగిలించి పొమ్మని అత్తయ్య చెప్పించారు. వాడు వాళ్ళ దూడ సంగతులు చెప్పేవాడు. ఇప్పుడు అడుగుల చప్పుడు ఒకటి వినిపిస్తుంది, అంతే.

వంటగదిలో ఒక పీట వేసుకుని మిషన్ పక్కన కూర్చుంటున్నాను. దానికో ఎర్ర దీపం ఉంది కదా, వెలుగుతుంది, ఆరుతుంది. ఆరినప్పుడు టిక్కుమంటుంది. అది నీ పట్టీ వంగిన చప్పుడని నాకు తెలుసు. అదొక్కటే ఇంట్లో కదిలేది. హాల్లోంచి అత్తయ్య "అమ్మాయ్, ఉన్నావా?" అంటారు. "ఉన్నానత్తయ్యా" అంటాను. కాసేపటికి మళ్ళీ అడుగుతారు. నేను ఎక్కడికి పోగలను? అయినా అడుగుతారు, పాపం, ఆవిడకి భయం.

పెరుగు కుదరలేదు. ఆయన స్కూటరు మీదే తెస్తున్నారు.

నీళ్ళ పరీక్ష చేశాను. పొద్దున పెట్టిన వేడే సాయంత్రం దాకా ఉంది. ఆరు కప్పుల్లోనూ ఒకటే. కడ్డీ మీద గీత అటూ ఇటూ కాలేదు. నీకు ఉన్నదున్నట్టే రాస్తున్నాను, పరీక్షలో దొంగలెక్క రాస్తే నువ్వు చెవి మెలేసేవాడివి.

ఒక చిన్న సహాయం చెయ్యి మావయ్యా. డెయిరీకి వెళ్ళేదాన్ని కదా, ఆ దారి గురించి నీకో ఉత్తరం రాశాను. అందులో దర్జీగారి కుక్క రంగు ఏమని రాశాను? ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. ఉత్తరం నీ దగ్గరుంటే చూసి చెప్పు.

అత్తయ్య ఈసారి ఏమీ రాయమనలేదు. నడుము వాల్చారు.

టెస్టరమ్మ


షాపు వెనక గది
మార్చి 12

టెస్టరమ్మకు, చెల్లెమ్మగారికి, అల్లుడికి, వినేవాళ్ళందరికీ,

ముందు కుక్క సంగతి. టీ రంగు. ఒక చెవి నిటారు, ఒక చెవి మడత. నువ్వు దాటేటప్పుడు కళ్ళు తెరవకుండా తోక మాత్రం ఒకసారి నేలకి కొడుతుందని కూడా రాశావు. ఆ ఉత్తరం స్క్రూల డబ్బా కింద దొరికింది. చేతిలోకి వచ్చింది కదా అని మొత్తం చదివాను. అద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. సైకిలు షాపువాడు చక్రం తిప్పితే ఊచలు మాయమై వెండి పళ్ళెంలా కనబడుతుందట. డెయిరీ ఆవిడ నీకోసం బల్ల మీద సంచి పరిచి ఉంచుతుందట. ఈ ముక్కలు మొదటిసారి చదివినప్పుడు నా కంట పడలేదు.

ఇక ఇస్త్రీపెట్టె ఆవిడ. ఆవిడ రోగం నాకు తెలిసిపోయింది. ఇన్నాళ్ళూ పెట్టెలో వెతికాను. మా వృత్తిలో ఉన్న అవకరం ఇది. బాగున్న వస్తువుని ఎవరూ మా బల్ల మీద పెట్టరు. దాంతో ఎవరు నోరు తెరిచినా ఫిర్యాదే అనుకుని, ఎక్కడ పాడైందా అని వెతుకుతాం. ఆవిడ పెట్టె బాగుచేయించుకోవడానికి రావడం లేదు. కూర్చోవడానికి వస్తోంది. ఇంట్లోంచి కదలాలంటే ఒక పని ఉండాలి, ఆ పని ఇస్త్రీపెట్టె. నేనేమో "ఇది బాగానే ఉందమ్మా, ఇక తేనక్కర్లేదు" అని ప్రతిసారీ చెబుతూ వచ్చాను, ఏదో మేలు చేస్తున్నవాడిలా. మొన్న వచ్చినప్పుడు స్టూలు గుమ్మం బయటికి వేశాను, నీడ పడే చోట. పెట్టె విప్పి బాగా ముఖం చిట్లించి, ఇది మొండి రకం, వారం వారం చూపించాలని చెప్పాను. "వారం వారమా?" అంది. "తప్పదమ్మా" అన్నాను. ఆవిడ మొహం మీరు చూసి ఉండాల్సింది. క్షవరం ఆయన మరి పేర్లు పెట్టడం మానేశాడు.

ఇప్పుడు మన మిషన్. నీళ్ళ పరీక్ష చూశాను. మిషన్‌లో ఏ తప్పూ లేదు. చెల్లెమ్మగారూ, అమ్మాయి చేతిలోనూ తప్పు లేదు. ఆ చెయ్యి నాకు తెలుసు. స్కూలు నుంచి వచ్చి నా షాపులో కూర్చునే రోజుల్లో, చలికాలం, చెక్కపెట్టెలో బల్బు వెలిగించి, దాంట్లో గిన్నె పెట్టి నాకు పెరుగు తోడుపెట్టేది. ఒక్కనాడు చెడలేదు. తప్పు పంపినవాడిది. ఈ రకం మిషన్‌కి ఒక ముఖ్యమైన నియమం ఉంది, అది రాయడం మరిచాను. ఇన్ని అవస్థలూ దానివల్లే.

ఈ మిషన్‌కి దాని పెరుగే దానికి తోడు వేయకూడదు. నిన్నటిది ఇవాళ్టికి, ఇవాళ్టిది రేపటికి వేస్తూ పోతే లోపలి సత్తువ లోపలే తిరిగి తిరిగి చచ్చిపోతుంది. ప్రతి రోజూ బయటి నుంచి కొత్త తోడు రావాలి. ఒక్క చెంచా చాలు. కానీ కొన్ని షరతులు.

పొద్దున పూటే తేవాలి. కొట్టు మార్చకూడదు, మూడో వీధి డెయిరీదే కావాలి, ఈ మిషన్‌కి అదే పడుతుంది. స్కూటరు మీద తేకూడదు. అల్లుడుగారు ఏమీ అనుకోకూడదు, ఆ కుదుపుకి తోడు చెడుతుంది, అంతే. నడిచే తేవాలి, నిదానంగా. ఎవరు తోడుపెడతారో వాళ్ళే తేవాలి, చేతులు మారకూడదు. కొట్టు దగ్గర తీసుకోగానే బయల్దేరకూడదు, కాసేపు కుదురుకోనివ్వాలి. దగ్గర్లో బల్లేదైనా ఉంటే దాని మీద పెట్టుకుని కూర్చోవచ్చు.

ఆ కిటికీ తెరిచెయ్యి. కిటికీ గురించి నేను రాసింది శుద్ధ తప్పు.

చెల్లెమ్మగారూ, ఆ కాసేపూ మీరొక్కరూ ఉండాలి. కష్టమే. మీ కుర్చీ తలుపు వైపు కాకుండా బాల్కనీ వైపు వేయించుకుని చూడండి. తలుపు వంక చూస్తుంటే సమయం కదలదు. నా షాపులో షట్టరు వంక చూస్తూ కూర్చున్న రోజుల అనుభవంతో చెబుతున్నాను.

ఇలా పొద్దున్నే వెళితే ఆ మిషన్ నూరేళ్ళు పనిచేస్తుంది. పనిచేయకపోతే నా షాపు బోర్డు తీసేస్తాను.

మావయ్య


మూడో వీధి నుంచి
మార్చి 25

మావయ్యా,

ఈ ఉత్తరం బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. డబ్బా సైకిలు షాపు పక్కనే ఉంది, నేనే వేస్తాను. దీన్ని ఎవరూ చదవలేదు, ఎవరూ వినలేదు. తీరా అలాంటి ఉత్తరం రాద్దామని కూర్చుంటే ఏం రాయాలో తోచడం లేదు. ఎవరో వింటారని రాసీ రాసీ నా చెయ్యికి అదే అలవాటైంది. రాసిన ప్రతి ముక్కా గొంతెత్తి చదివితే ఎలా ఉంటుందా అని చూసుకుంటున్నాను.

పెరుగు చెడగొట్టడానికి ఎన్ని దారులున్నాయో చిన్నప్పుడు నువ్వే నేర్పావు. అవన్నీ వాడేశాను. నువ్వు ఇంకొక్క ఉత్తరం ఆలస్యం చేస్తే కొత్తవి కనిపెట్టాల్సి వచ్చేది.

నీ ఉత్తరం చదివిన రోజు సంగతి చెప్పాలి. ఆయన మామూలుగానే గట్టిగా చదువుతున్నారు. ఇస్త్రీపెట్టె దగ్గరికి వచ్చేసరికి నవ్వబోయి, అత్తయ్య నవ్వకపోయేసరికి ఆగారు. "అక్కడ మళ్ళీ చదవరా" అన్నారావిడ. మళ్ళీ చదివారు. షరతుల దగ్గర ఆయన తల గోక్కుని "స్కూటరు కుదుపుకి తోడు చెడుతుందా?" అన్నారు. "మిషన్ బాగుచేసిన ఇంజనీరుగారికి తెలియదా, నీకు తెలుసా?" అని అత్తయ్య కసిరారు. నేను కంచాలు తీస్తుంటే, నాతోనో తనతోనో తెలియదు, "ఆ ఇస్త్రీపెట్టె ఆవిడకి మోకాళ్ళు బాగానే ఉన్నట్టున్నాయి" అన్నారు. నా చేతిలో కంచాలు అలాగే ఉండిపోయాయి. ఆ కుర్చీలో ఆవిడ ఎన్నేళ్ళుగా కూర్చున్నారో నేనెప్పుడూ ఆలోచించలేదు మావయ్యా. నేను తలుపు లోపల ఉన్నానని ఏడుస్తూ, ఆవిడా లోపలే ఉన్నారని చూడలేదు.

మర్నాడు పొద్దున లేచేసరికి అటక మీది చెప్పులు గుమ్మంలో ఉన్నాయి. అత్తయ్య ఆయన చేత దింపించి, కాగితం విప్పించి పెట్టించారు. చిన్న స్టీలు డబ్బా నా చేతికిచ్చారు, మూత బిగువుగా ఉన్నది. తీయాలంటే రెండు చేతులూ కావాలి.

కుర్చీ బాల్కనీ వైపు వేయించుకున్నారు. నేను తిరిగి వచ్చాక ఏమేం చూశానో అడుగుతారు. కుక్క గురించి చెప్పాను. కుంటడం తగ్గింది, తోక కొట్టింది. ఎవరెవరు క్యూలో ఉన్నారు, ఎవరేం చీర కట్టారు, అన్నీ కావాలి. మర్చిపోతే ఊరుకోరు. కాబట్టి నాకిప్పుడు చూడటం కూడా ఒక పనే అయింది. నేను వెళ్ళిన కాసేపటికి "అమ్మాయ్, ఉన్నావా?" అని ఖాళీ ఇంట్లో పిలిచానని నిన్న చెప్పి, సిగ్గుపడి నవ్వారు. ఇంకా భయమే ఆవిడకి. నాకూ ఈ బల్ల మీద కూర్చున్నంతసేపూ ఆ పిలుపు చెవిలో ఉంటుంది. ఎండ సైకిలు షాపు గోడ దాకా వచ్చిందంటే లేవాలని నేనే ఒక హద్దు పెట్టుకున్నాను. లేస్తాను కూడా. గొళ్ళెం వేసుకుంటాను, పీట మీద కూర్చుంటాను, ఎర్ర దీపం వెలుగుతుంది, ఆరుతుంది. అక్కడ ఏమీ మారలేదు.

సైకిలు షాపువాడు ఇప్పుడే ఒక చక్రం తిప్పాడు. వెండి పళ్ళెం.

ఎండ గోడ దగ్గరికి వచ్చేసింది. కానీ మొదటి రోజు నేను చెప్పులు వేసుకుంటుంటే అత్తయ్య కుర్చీలోంచి ఒక మాటన్నారు. "నిదానంగా రా అమ్మాయ్. తొందరపడితే తొణుకుతుంది."

ఒక్క చెంచా పెరుగు మావయ్యా. గడ్డ పెరుగు. అంత బిగువు మూత. బోర్లించినా తొణకదని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

ఇంకాసేపు కూర్చుంటాను.

టెస్టరమ్మ